మీ వ్యాసానికి పాఠకులు పెరగాలంటే ఏం చేయాలి? కడప ఉదాహరణలతో మెట్టుమెట్టుగా

“సార్, వ్యాసం పెట్టి పది రోజులైంది. చదివింది నేనూ, మా ఆవిడా. ఆమె కూడా సగంలో ఆపేసింది.”

ఎవరైనా చేరి వ్యాసాలు ప్రచురించుకోగలిగే ఒక సామూహిక వెబ్‌సైటుకు వచ్చే రచనలను కడపలో కూర్చుని సరిచూసే పని నాది. జీతం లేదు, ఫోన్లు మాత్రం వస్తాయి. ఎక్కువ ఇట్లాంటివే. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది బాగా రాసేవాళ్లే. భాషకు వంక పెట్టలేం, విషయం మీద పట్టూ ఉంటుంది. కానీ వాళ్లు రాసిన మాట ఒకటి, చదవాల్సిన మనిషి ఫోన్లో కొట్టే మాట ఇంకొకటి. దానితో ఇద్దరూ ఎదురుపడరు.

ఒక వ్యాసాన్ని వెంటబెట్టుకుని పోతే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గండికోట మీద ఒక రిటైర్డ్ టీచరు గారు పంపిన వ్యాసం తీసుకుందాం. ఆయన పెట్టిన పేరు “చరిత్ర పుటల్లో గండికోట వైభవం”. దాన్ని ఎట్లా సరిచేశామో రాస్తానంటే ఆయనే సరే అన్నారు.

మొదటి మెట్టు: చదివేది ఎవరో తేల్చుకోండి

“అందరూ చదవాలి సార్” అంటారు. అందరి కోసం రాసింది ఎవరికీ పూర్తిగా పనికి రాదు. గండికోట గురించి వెతికే మనుషులు కనీసం ముగ్గురున్నారు. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో శని, ఆదివారాల్లో పిల్లలతో రావాలనుకునే కుటుంబం ఒకటి. గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల గురించి ప్రాజెక్టు రాయాల్సిన డిగ్రీ విద్యార్థి రెండో మనిషి. ఇక మూడోది, పుట్టింది ఇక్కడే అయినా ఇప్పటిదాకా కోటలో అడుగు పెట్టని మనలాంటివాళ్లు. మొదటి కుటుంబానికి కావాల్సింది దారి, తిండి, బస. విద్యార్థికి కావాల్సింది కాలక్రమం, ఆధారాలు. ఒకే వ్యాసంలో రెండూ కుక్కితే కుటుంబం చరిత్ర దగ్గర విసుగుపడి వెళ్లిపోతుంది, విద్యార్థి బస్సుల దగ్గర వెళ్లిపోతాడు.

కాబట్టి ఒక కాగితం మీద ఒకే వాక్యం రాసుకోండి: “ఈ వ్యాసం చదివాక ఫలానా మనిషి ఫలానా పని చేయగలగాలి.” టీచరు గారు చివరికి రాసుకున్న వాక్యం ఇది: “జమ్మలమడుగులో దిగిన కుటుంబం ఒక్క పూటలో కోట చూసి రాగలగాలి.” చరిత్ర భాగాన్ని కత్తిరించి పక్కన పెట్టాం. పారేయలేదు, అది తర్వాత రెండో వ్యాసమైంది.

ఇంకొక ప్రశ్న కూడా ఇక్కడే వేసుకోవాలి. ఈ విషయంలో నాకు తెలిసి, ఇంకొకరికి తెలియనిది ఏముంది? గండికోటను “ఇండియా గ్రాండ్ క్యాన్యన్” అని పొగిడే వ్యాసాలు కుప్పలు. ఇంకొకటి రాస్తే అది ఆ కుప్పలో కలిసిపోతుంది. కోటలో ఎండ ఎప్పటి నుంచి నిలవనీయదు, లోయ అంచున పిల్లల చేయి ఎక్కడ వదలకూడదు, నీళ్ల సీసా ఊళ్లోనే ఎందుకు కొనుక్కోవాలి, ఇవి అక్కడికి నాలుగుసార్లు పోయినవాళ్లు రాయగలరు. ఢిల్లీలో కూర్చుని రాసే మనిషి రాయలేడు. మీ బలం అదే, దాన్ని దాచుకోకండి.

రెండో మెట్టు: జనం వాడే మాట పట్టుకోండి

దీనికి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ఫోన్లో బ్రౌజరు ప్రైవేటు విండో తెరిచి, గూగుల్‌లో మీ విషయం సగం టైప్ చేసి ఆగండి. కింద వరసగా సూచనలు వస్తాయి. అవి జనం నిజంగా వెతికిన మాటల నుంచి వచ్చేవి. కాగితం మీద ఎక్కించుకోండి. ఫలితాల పేజీ అడుగున ఇంకొన్ని ఉంటాయి, అవీ రాసుకోండి. రెండు మాటల్లో ఏది ఎక్కువ వాడుకలో ఉందో తేల్చుకోలేకపోతే గూగుల్ ట్రెండ్స్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. చిన్న ఊళ్ల పేర్లకు అక్కడ లెక్కలు సరిగా కనబడవు, దానికి కంగారు పడొద్దు.

మన సీమవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది, ఒక లాభమూ ఉంది. మనం చెనక్కాయలంటాం, అనంతపురం వైపు బుడ్డలంటారు, పుస్తకాల్లో వేరుశనగ, హైదరాబాదులో పల్లీలు. మనకు ఓళిగ, కోస్తాలో బొబ్బట్టు. మనకు బొరుగులు, ఇంకొకచోట మరమరాలు. ఉగ్గాని ఎట్లా చేయాలో రాస్తూ వ్యాసమంతా “బొరుగులు” అనే రాస్తే విజయవాడలో వెతికే మనిషికి మీరు కనబడకపోవచ్చు. అట్లాగని “మరమరాలు” అని మాత్రమే రాస్తే అది మన ఉగ్గానే కాదు. నేను చెప్పేది ఇదీ: శీర్షికలోనూ, వ్యాసమంతటా మీ ఊరి మాటే ఉంచండి. మొదటి పేరాలో ఒకసారి “బొరుగులు, అంటే మరమరాలు” అని మిగతా పేరు చెప్పేయండి. చదివేవాడికి అర్థమవుతుంది, గూగుల్‌కీ తెలుస్తుంది. ప్రతి వాక్యంలో రెండు పేర్లూ రాస్తే మాత్రం రేషన్ కార్డులో పేర్లలాగా ఉంటుంది.

చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. మీ సైటులో వ్యాసపు లింకును మీరే రాసుకునే వీలుంటే దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టండి. తెలుగు అక్షరాలతో ఉన్న లింకును కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే తరచుగా శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పొడవాటి తోకలా తయారవుతుంది. మా పిన్ని ఒకసారి అట్లాంటి లింకు చూసి “ఇది నొక్కితే బ్యాంకులో డబ్బు పోతుందంట కదా నాయనా” అని ఫోన్ చేసింది. ఆమె భయంలో తప్పు లేదు.

ఫోన్‌తో మాట్లాడి వెతికేవాళ్లు కూడా పెరిగారు. వాళ్లు “గండికోట మార్గం” అనరు, “గండికోటకు ఎట్లా పోవాలి” అంటారు. వ్యాసంలోని ఉపశీర్షికలను అదే ప్రశ్నలుగా రాస్తే వాళ్లకూ దొరుకుతారు.

మూడో మెట్టు: శీర్షిక

దీని మీద ఎంతసేపు కూర్చున్నా తక్కువే. ముందు నా సొంత అవమానం చెబుతాను. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలోని శాసనం గురించి రాశాను. రేనాడు (ఈ ప్రాంతపు పాత పేరు) ఏలిన చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన ఆ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, ఇప్పటిదాకా దొరికిన తొలి తెలుగు శాసనంగా దానికి పేరు. రాసినందుకు గర్వంగా “రేనాటి వెలుగు” అని పేరు పెట్టాను. మా బామ్మర్ది చూసి, “ఇది ఏదన్నా కరెంటు స్కీమా బావా?” అన్నాడు. చదవలేదు. మరుసటి రోజు “తొలి తెలుగు శాసనం ఎక్కడుంది? కలమళ్ల శాసనంలో ఏముంది?” అని మార్చాను. లోపల ఒక్క అక్షరం మార్చలేదు. అప్పటి నుంచి విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు వస్తూనే ఉన్నారు.

శీర్షిక రాసేటప్పుడు మూడు సంగతులు చూడండి. ఊరి పేరు లేదా విషయం పేరు మొదటి రెండు మూడు మాటల్లోనే రావాలి, ఎందుకంటే ఫోన్ తెర మీద చివరి భాగం తెగిపోతుంది. వ్యాసంలో ఏం దొరుకుతుందో తెలియాలి. చెప్పింది లోపల ఉండాలి. ఈ మూడోది చాలామంది మరిచిపోతారు. “గండికోటలో ఈ రహస్యం తెలిస్తే షాక్ అవుతారు” అని పెడితే ఒకసారి నొక్కుతారు. లోపల రహస్యం లేదని తెలిశాక మీ పేరు కనబడితే చాలు, వేలు పక్కకు జరుపుతారు.

టీచరు గారితో కలిసి రాసుకున్న శీర్షికలు ఇవి. “సీమ సిగలో గండికోట” ఆయనకు నచ్చింది, నేను ఒప్పుకోలేదు. “గండికోట సంపూర్ణ సమాచారం” నిజం కాదు, సంపూర్ణం ఏదీ ఉండదు. “గండికోట: జమ్మలమడుగు నుంచి ఎట్లా పోవాలి, ఒక్క పూటలో ఏం చూడాలి” దగ్గర ఇద్దరం ఆగాం. అందం తక్కువే. “సీమ సిగ” ఆయనకు బాధ కలగకుండా చరిత్ర వ్యాసంలో ఒక ఉపశీర్షికగా బతికింది.

నాలుగో మెట్టు: మొదటి పేరా, ఆ తర్వాత మిగతా వ్యాసం

మన వ్యాసాలకు ఒక పాత అలవాటుంది: “అనాదిగా మానవుడు…” అని మొదలుపెట్టడం. బడిలో వ్యాసరచన పోటీకి అది మార్కులు తెచ్చింది కాబట్టి చేతికి పట్టేసింది. ఫోన్ పట్టుకుని బస్టాండులో నిలబడ్డ మనిషికి అంత ఓపిక లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు మొదటి పేరాలోనే ఇచ్చేయండి. “జవాబు ముందే చెప్పేస్తే మిగతాది ఎవరు చదువుతారు?” అని అడుగుతారు. అవసరం తీరుతుందని నమ్మకం కుదిరినవాళ్లే చదువుతారు.

గండికోట వ్యాసం కొత్త మొదటి పేరా ఇట్లా తయారైంది: “గండికోట జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. పెన్నా నది ఎర్రమల కొండలను కోసిన లోయ అంచునే కోట. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం నడిచే చూడొచ్చు. పొద్దున్నే పోతే ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు.” నాలుగు వాక్యాలు. ఇక దిగువన వివరాలు.

పేరాలు ఫోన్ తెరకు సరిపోయేటట్టు మూడు నాలుగు వాక్యాలకు మించకుండా చూసుకోండి. నమ్మకానికి సంబంధించిన మాట మాత్రం గట్టిగా చెబుతాను. జనం చెప్పుకునే కథను కథగానే రాయండి, శాసనంలో ఉన్నదాన్ని శాసనంలో ఉన్నట్టు రాయండి. ఒంటిమిట్ట గుడి గురించి రాస్తూ స్థలపురాణాన్ని చరిత్రగా రాసేసిన వ్యాసాలు మా సైటుకు లెక్కలేనన్ని వస్తాయి. “ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ ప్రకారం” అన్న నాలుగు మాటలు చేరిస్తే కథకు వన్నె తగ్గదు, మీ మీద గురి పెరుగుతుంది. పాఠకుడు రెండోసారి వచ్చేది ఆ గురితోనే.

ఐదో మెట్టు: అక్షరాలు, ఫొటోలు

పత్రికల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో పనిచేసి వచ్చినవాళ్లు పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసి పంపుతారు. వెబ్‌లో అతికిస్తే అది గజిబిజి గుర్తులుగా మారుతుంది. యూనికోడ్‌లోకి, అంటే అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల్లోకి మార్చే ఉచిత సాధనాలున్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు చూసుకోవాలి, అక్కడే ఎక్కువ చెడిపోతాయి. వ్యాసాన్ని పోస్టరులాగా బొమ్మ చేసి పెట్టేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి బాగుంటుంది కానీ వెతికితే దొరకడం కష్టం, చూపు సరిగా లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించనూ లేదు.

ఫొటో మీరు తీసిందే పెట్టండి. కొంచెం వంకరగా ఉన్నా పరవాలేదు. గూగుల్‌లో దొరికింది పెట్టడమంటే ఎవరి చెట్టు కాయో కోసుకోవడం. ఉచితంగా వాడుకునే ఫొటోలుండే వికీమీడియా కామన్స్ సైటులో దొరికేవి వాడుకోవచ్చు, తీసినవాళ్ల పేరు, లైసెన్సు చెప్పాలి. ఫోన్ ఫొటోలు ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉంటాయి, వాటిని తగ్గించి పెట్టకపోతే సిగ్నల్ తక్కువున్న పల్లెలో పేజీ తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు. ఫొటో కింద “గండికోట అందాలు” అని కాకుండా “మసీదు పక్క నుంచి కనబడే ధాన్యాగారం” అని రాయండి. ఫొటో చూడలేనివాళ్లకు అందులో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ అనే గడి ఉంటే అందులోనూ అదే మాట.

ఆరో మెట్టు: ఒంటరిగా వదలొద్దు

ఒక్క వ్యాసంతో వచ్చినవాడు ఒక్క వ్యాసం చదివి పోతాడు. గండికోట చదివినవాడికి తర్వాత ఏం కావాలి? కింద మైలవరం జలాశయం, అటు ఎర్రగుంట్ల దారిలో కలమళ్ల, కడపకు వస్తే పుష్పగిరి, దేవుని కడప, పెద్ద దర్గా, సీపీ బ్రౌన్ గ్రంథాలయం, కడుపు నింపుకోవడానికి కారం దోసె. ఇవన్నీ మీరే రాయాల్సిన పని లేదు. సామూహిక సైటులో ఉండే లాభం అదే కదా. ప్రొద్దుటూరు నుంచి రాసే ఇంకొకరు తిండి మీద రాస్తే మీ వ్యాసంలో సరైన చోట ఆమె లింకు ఇవ్వండి, ఆమె మీది ఇస్తుంది. “ఇక్కడ నొక్కండి” అని కాక, “కడప కారం దోసె ఎక్కడ బాగుంటుంది” అన్న మాటకే లింకు తగిలించండి.

“నువ్వు నాది చదువు, నేను నీది చదువుతా” అనే ఒప్పందాలు కూడా సామూహిక సైటుల్లోనే పుడతాయి. వాటితో లెక్క పెరుగుతుంది. పాఠకులు కాదు పెరిగేది, మొహమాటాలు.

ఏడో మెట్టు: పంచడం

వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వదు, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినదాన్ని ఒక్కో చాట్‌కే. ఆ హద్దు మంచిదే, ఎంచుకోవడం నేర్పుతుంది. టెన్త్ బ్యాచ్ గ్రూప్, ఊరి గ్రూప్, బెంగళూరులో ఉండే మనవాళ్ల గ్రూప్, ఏ వ్యాసం ఎవరికి పనికొస్తుందో చూసి వేయండి. ఉత్త లింకు వేయొద్దు. పైన మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి: “వచ్చే వారం పిల్లలతో గండికోట పోయేవాళ్లకు. చివర బస్సుల వివరం ఉంది.” ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు అక్కడే జవాబు రాయండి, ఇంకా కావాలంటే అని లింకు ఇవ్వండి.

కాలం చూసి పెట్టడం దీనికంటే ముఖ్యం. ఉగాది రోజు దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిములు వచ్చి మొక్కుకునే ఆచారం మన ఊళ్లో ఉంది. దాని గురించి ఉగాది నాటి పొద్దున రాస్తే ఆలస్యమైనట్టే. కొత్త పేజీని గూగుల్ చూసి తన జాబితాలో చేర్చుకోవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పండుగకు నెల ముందే పెట్టి, ముందు రోజు గ్రూపుల్లో పంచండి. ఒంటిమిట్ట కల్యాణం కూడా అట్లాగే. చాలామంది శ్రీరామనవమి నాడే అనుకుంటారు, అక్కడ జరిగేది ఆ తర్వాత కొన్ని రోజులకు, చైత్ర పున్నమి వేళకు, రాత్రిపూట. ఆ ఒక్క వివరాన్ని వ్యాసం మొదట్లోనే స్పష్టంగా రాస్తే దూరం నుంచి వచ్చేవాళ్లకు ఒక ప్రయాణం కలిసొస్తుంది.

ఒకే వ్యాసాన్ని నాలుగు సైటుల్లో పెడితే నాలుగు రెట్లు చదువుతారని అనుకుంటారు. అది జరగదు. ఒకే పాఠం నాలుగు చోట్ల ఉంటే గూగుల్ సాధారణంగా ఒకదాన్నే చూపిస్తుంది, అది మీకు కావాల్సింది కాకపోవచ్చు. ఒకచోట పూర్తిగా పెట్టి, మిగతా చోట్ల నాలుగు వాక్యాలు రాసి లింకు ఇవ్వండి.

ఎనిమిదో మెట్టు: లెక్కలు చదవడం

చదివినవాళ్ల సంఖ్య ఒక్కటే చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు. సైటు నడిపేవాళ్ల దగ్గర గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉంటుంది. అది ఉచితం. ఏ మాటతో వెతికినప్పుడు మీ వ్యాసం ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, అన్నీ అందులో తెలుస్తాయి. రచయితలు అడగాలి, నిర్వాహకులు కనీసం నెలకోసారి పంపాలి. ఈ మాట నిర్వాహకులకే ఎక్కువ చెబుతున్నాను. మీ రచయితలకు పాఠకులు కావాలంటే వాళ్లకు ఇవ్వగలిగిన మంచి బహుమతి ఆ మాటల జాబితానే.

జబ్బు ఎక్కడుందో ఇట్లా పట్టుకోవచ్చు. వ్యాసం చాలాసార్లు కనబడుతోంది కానీ నొక్కేవాళ్లు లేరంటే ముందు శీర్షికను అనుమానించండి. నొక్కుతున్నారు కానీ అర నిమిషంలో పోతున్నారంటే మొదటి పేరా, లేదా శీర్షిక చెప్పింది లోపల లేదు. అసలు కనబడడమే లేదంటే పేజీ గూగుల్ జాబితాలో చేరిందో లేదో నిర్వాహకులను చూడమనండి. చేరి ఉంటే రెండో మెట్టుకు వెళ్లి మాటలు మళ్లీ వెతకండి. ఒకసారికి ఒకటే మార్చి, మూడు నాలుగు వారాలు ఆగండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఒక్కోసారి లెక్కలు కొత్త వ్యాసాన్ని కూడా చూపిస్తాయి. గండికోట వ్యాసానికి “గండికోటలో రాత్రి ఉండొచ్చా” అని వెతికి వచ్చేవాళ్లున్నారని తెలిసింది. లోపల దాని గురించి ఒక్క ముక్క లేదు. టీచరు గారు మళ్లీ పోయి, కనుక్కుని, విడిగా రాశారు.

తొమ్మిదో మెట్టు: పాత వ్యాసాన్ని చూసుకోవడం

కొత్తది రాయడం కంటే ఇది తక్కువ శ్రమ, ఎక్కువ ఫలితం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. బెలుం గుహలు, అహోబిలం, యాగంటి కర్నూలు నుంచి నంద్యాల జిల్లాకు పోయాయి, లేపాక్షి అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు. “కర్నూలు జిల్లా బెలుం గుహలు” అని రాసిన పాత వ్యాసాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. గండికోట విషయంలో పాతబడింది రైలు వివరం. దగ్గరి రైల్వే స్టేషన్ ముద్దనూరు అని పాతవన్నీ చెబుతాయి, ఎర్రగుంట్ల–నంద్యాల లైను 2016లో మొదలయ్యాక జమ్మలమడుగుకే స్టేషన్ వచ్చింది. రైళ్లు తక్కువ కాబట్టి ఏది వీలో ప్రయాణికుడే చూసుకోవాలి, కానీ స్టేషన్ ఉందని చెప్పాల్సిన బాధ్యత మనది.

సవరించేటప్పుడు కొత్త పేజీ తెరవకండి. అదే లింకులో మార్చండి, ఇన్నాళ్లూ దానికి వచ్చిన పేరు దానితోనే ఉంటుంది. పాత జిల్లా పేరును పూర్తిగా తుడిచేయకుండా “అప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లా” అని ఉంచండి, పాత పేరుతో వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. పైన “సవరించిన తేదీ” వేయండి.

వ్యాఖ్యల్లో తప్పు చూపినవాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. గండికోట వ్యాసం కింద ఒకాయన “చివరి బస్సు మీరు రాసిన టైముకు లేదు, పిల్లలతో రోడ్డు మీద నిలబడ్డాం” అని రాశారు. టీచరు గారు ఆ సాయంత్రమే జమ్మలమడుగు బస్టాండుకు పోయి విచారణ కిటికీలో అడిగి, టైము మార్చి, ఆయనకు క్షమాపణ రాశారు. దాని కింద, బస్సు తప్పితే ఆటో దొరికే చోటు కూడా చేర్చారు.